నాలుగు డిస్కుల పెట్టె కొంటే బ్యాకప్ సంగతి తీరిపోతుందా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. ఆఫీసులో వాడి తీసేసిన మినీ పీసీ ఒకటి కొని, డెబియన్ లినక్స్ వేసి, ఇంట్లో సర్వర్‌గా నడుపుతున్నాను. ఫొటోలకి ఇమ్మిచ్, సినిమాలకి జెల్లీఫిన్. డేటా అంతా ఒకే ఒక్క 4 టీబీ పోర్టబుల్ డిస్కు మీద ఉంది, అది నిండిపోయింది. అందులో ఫొటోలు, ఇంటి వీడియోలు 600 జీబీ దాకా ఉంటాయి, మిగతావి సినిమాలూ సీరియళ్లూ. మా తాతగారు పద్యనాటకాల్లో వేషాలు కట్టేవారు. ఆయన పాడినవి 40 క్యాసెట్లు ఉన్నాయి. 2024లో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చినప్పుడు అటక మీద ఉండబట్టి దక్కాయి. ఆ తర్వాత అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇప్పుడు నాలుగు డిస్కులు పట్టే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ పెట్టె కొని, 8 టీబీవి మూడు వేసి, అందులోనే వచ్చే, డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపే రెయిడ్ 5 పెడదామనుకుంటున్నాను. ఒక డిస్కు పోయినా డేటా పోదట కదా, దాంతో బ్యాకప్ కూడా అయిపోయినట్టేనా? లేక రెడీమేడ్ నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) కొనమంటారా? ఇంకో సందేహం. పద్యాల ఫైళ్లు విండోస్ ల్యాప్‌టాప్ నుంచి లినక్స్ డిస్కులోకి వేస్తుంటే కొన్నిటి దగ్గర ‘పేరు మరీ పొడవుగా ఉంది’ అని ఆగిపోతోంది. ఎందుకు? మా చెల్లెలు హైదరాబాద్‌లో ఉంటుంది, తన దగ్గర కూడా ఒక కాపీ ఉంటే బాగుంటుందని ఉంది.

సమాధానం: బ్యాకప్ అయిపోయినట్టు కాదండీ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మూడు 8 టీబీ డిస్కులంటే చిన్న ఖర్చు కాదు, అంత పెట్టాక కూడా మీ తాతగారి గొంతు ఇప్పుడున్నంత ప్రమాదంలోనే ఉంటుంది. రెయిడ్ చేసే పని ఒక్కటే, ఒక డిస్కు పోయినా సర్వర్ ఆగకుండా చూడటం. మీరు పొరపాటున ఫోల్డర్ తుడిచేస్తే మూడు డిస్కుల్లోంచీ ఆ క్షణమే పోతుంది. డబ్బు గుంజే వైరస్ ర్యాన్సమ్‌వేర్ దూరితే మూడింటికీ తాళం పడుతుంది. పిడుగు పడి కరెంటు లైనులో వోల్టేజీ ఎగిరితే మూడూ ఒకే పెట్టెలో, ఒకే అడాప్టర్ మీద ఉంటాయి. నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

కొనే ముందు ఒకసారి లెక్క వేసుకుందాం. ఆడియోని సీడీ నాణ్యతలో వేవ్ ఫైలుగా తీస్తే నిమిషానికి 10 ఎంబీ పడుతుంది. 60 నిమిషాల క్యాసెట్ అయితే 600 ఎంబీ పైచిలుకు, 40 క్యాసెట్లకీ కలిపి 25 జీబీ. ఫొటోలు 600 జీబీ. అంటే పోతే మళ్లీ రానిది మొత్తం 625 జీబీ. మిగతా 3 టీబీ సినిమాలు, పోతే బాధే కానీ మళ్లీ తెచ్చుకోవచ్చు. సినిమాలకి మీకు కావాల్సింది జాగా. పద్యాలకీ ఫొటోలకీ కావాల్సింది కాపీలు. ఈ రెండు అవసరాలనీ కలిపేసి ఒకే పెట్టెతో తీర్చుకుందామనుకోవడం వల్లే లెక్క నాలుగు డిస్కుల పెట్టె దాకా వెళ్లింది. 625 జీబీ చొక్కా జేబులో పట్టే డిస్కులో సరిపోతుంది.

జాగా కోసం నేనైతే రెండు డిస్కులు పట్టే ఎన్‌క్లోజర్ తీసుకుని 8 టీబీది ఒక్కటే వేస్తాను. రెండో అర ఖాళీగా ఉండనివ్వండి, నిండినప్పుడు చూసుకోవచ్చు. డిస్కు మాత్రం ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకమేనని మోడల్ నంబర్‌తో సహా చూసి కొనండి. ఎస్ఎంఆర్ రకంలో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకచోట మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. కొద్దిసేపు బాగానే రాసి, వందల జీబీలు ఒకేసారి వేసేటప్పటికి నత్తనడక పడుతుంది. డబ్బా మీద నాస్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. వెస్ట్రన్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాతే కంపెనీ సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ అని వేరు చేసింది. ఇక ఆన్‌లైన్‌లో 16 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ అని కారుచౌకగా కనిపించేవాటి జోలికి అసలు వెళ్లకండి. వాటిలో చిన్న మెమరీ చిప్ పెట్టి పెద్ద సైజు చూపిస్తారు. మొదట బాగానే కాపీ అయినట్టు కనిపిస్తుంది, కొంత దాటాక రాసిందల్లా గల్లంతే. ఏ డిస్కు కొన్నా ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాసి, తిరిగి చదివించి, ఆ తర్వాతే వాడండి.

వేగం గురించి బెంగ వద్దు. 3.5 అంగుళాల హార్డ్ డిస్కు బాగా పరిగెత్తితే సెకనుకు 200 ఎంబీ అటూ ఇటూ. మీ ఇంటి గిగాబిట్ నెట్‌వర్క్ 110 దగ్గర ఆగిపోతుంది. 5 జీబీపీఎస్ యూఎస్‌బీ ఈ రెంటికీ చాలు. కేబుల్ మాత్రం సరిగ్గా యూఎస్‌బీ 3 పోర్టులోనే గుచ్చారా లేదా చూసుకోండి. పొరపాటున 2.0 పోర్టులో పెడితే 40కి మించదు, 4 టీబీ కాపీ కావడానికి ఒక రోజు పైనే పడుతుంది.

ఎన్‌క్లోజర్‌లోని రెయిడ్ ఎందుకు వద్దంటున్నానంటే, ఆ పెట్టెలో డిస్కులకీ కేబుల్‌కీ మధ్య బ్రిడ్జ్ చిప్ ఒకటి ఉంటుంది. డిస్కుల మాటలన్నీ అది ఒక్కటే యూఎస్‌బీలోకి తర్జుమా చేస్తుంది. ఒక డిస్కు ఏదో సెక్టార్ దగ్గర తడబడి జవాబు ఆలస్యం చేస్తే, చిప్ విసిగిపోయి లింకు మొత్తాన్ని రీసెట్ చేయొచ్చు. ఆ సెకనులో బాగున్న డిస్కులు కూడా మాయమవుతాయి. విడి డిస్కు అయితే మళ్లీ మౌంట్ చేసుకుంటే (సిస్టమ్‌కి తగిలిస్తే) సరి, రెయిడ్ అయితే రెండు డిస్కులు పోయాయనుకుని మొత్తం ఆపేస్తుంది. నాస్ సాఫ్ట్‌వేర్ ట్రూనాస్ తయారుచేసేవాళ్లు కూడా యూఎస్‌బీ డిస్కుల్ని కలిపి పూల్ కట్టొద్దనే చెబుతారు. నిజంగానే ఒక డిస్కు పోయి కొత్తది వేశారనుకోండి, సెకనుకు 180 ఎంబీ చొప్పున 8 టీబీ తిరిగి నింపడానికి 12 గంటల పైనే పడుతుంది. ఆ 12 గంటలూ మిగతా డిస్కులు ఊపిరి సలపకుండా తిరగాలి. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇంకోటి. ఆ రెయిడ్ అమరిక చాలావరకు ఆ పెట్టెకే అర్థమవుతుంది. నాలుగేళ్ల తర్వాత పెట్టె పాడై, ఆ మోడల్ మార్కెట్లో లేకపోతే, డిస్కులు మూడూ నిక్షేపంగా ఉన్నా చదవడం కష్టం.

పెట్టె వచ్చాక వెనకవైపు చూడండి, చాలావాటికి పిన్నుతో జరిపేంత చిన్న స్విచ్‌లు ఉంటాయి. డిస్కుల్ని విడివిడిగా చూపించే మోడ్‌లో ఉంచండి. కొన్ని కంపెనీలు దాన్నే జేబాడ్ అంటాయి, కొన్నిటిలో జేబాడ్ అంటే రెండిటినీ కలిపి ఒకే డిస్కుగా చూపించడం. మాన్యువల్ చదవకుండా ఆ స్విచ్ ముట్టుకోవద్దు. డేటా వేశాక మోడ్ మారిస్తే చాలా పెట్టెల్లో డిస్కులు ఖాళీ అవుతాయి. ఇంకా, ఎన్‌క్లోజర్ అడాప్టర్ మీద ఇవాళే స్కెచ్‌పెన్నుతో పేరు రాసి అంటించండి. వైఫై రూటర్‌ది కూడా 12 వోల్టులే, పిన్ను కూడా చాలావరకు అదే సైజు, ఇట్టే దూరుతుంది. కానీ అది ఇచ్చేది చాలావరకు ఒక ఆంపియరో, అంతకన్నా తక్కువో. డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. చాలక టిక్ టిక్‌మంటూ ఆగిపోతుంటే డిస్కే పోయిందని కంగారు పడతాం.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను, మీ ఇంట్లో జరగకూడదని. నాకూ ఇలాగే మినీ పీసీ, పక్కన ఒక ఎన్‌క్లోజర్, ఇంకో పోర్టుకి బ్యాకప్ డిస్కు ఉండేవి. రోజూ రాత్రి రెండింటికి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్ నడిచేది. అసలు డిస్కులో తీసేసిన ఫైలు బ్యాకప్‌లోనూ తీసేసేలా డిలీట్ ఆప్షన్ పెట్టుకున్నాను. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. పీసీ దానంతటదే లేచింది, బ్యాకప్ డిస్కు యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి అదీ లేచింది. ఎన్‌క్లోజర్ మాత్రం లేవలేదు, దాని ముందున్న బటన్ మనిషి వేలితో నొక్కాలి. రెండయ్యేసరికి ఆర్‌సింక్ వచ్చి చూసింది. డిస్కు తగిలించాల్సిన చోట ఖాళీ ఫోల్డర్ ఉంది. ఫైళ్లన్నీ నేనే తీసేశాననుకుని బ్యాకప్‌లో ఉన్న ప్రతిదాన్నీ ఒక్కొక్కటిగా చెరిపేసింది. ఏ ఎర్రరూ లేదు, పని విజయవంతం అని లాగ్‌లో రాసి పెట్టింది. పొద్దున బటన్ నొక్కాక అసలు డిస్కు లేచింది కాబట్టి ఏమీ పోలేదు. కానీ మళ్లీ కాపీ పూర్తయ్యేదాకా మా పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ ఒకే ఒక్క డిస్కు మీద ఉన్నాయి. ఆ రోజంతా ఆ గదిలో ఫ్యాను వేయడానికి కూడా భయమేసింది.

అందుకని ఎన్‌క్లోజర్ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న కరెంటు పోయి వస్తే తనంతట తాను ఆన్ అవుతుందా అని. అటో ఇటో కచ్చితంగా పడి ఉండే మామూలు స్విచ్ ఉన్న పెట్టె మేలు. పీసీ బయాస్‌లో కూడా కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్, నార్మల్ అని మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే యూపీఎస్ వైపు ఉండాలి. నార్మల్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటు ఫ్యానుకి తెలియదు కానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది.

స్క్రిప్టులో రెండు జాగ్రత్తలు. లినక్స్‌లో మౌంట్‌పాయింట్ అనే చిన్న కమాండ్ ఉంది. డిస్కు నిజంగా తగిలి ఉందో లేదో చెబుతుంది. అసలు డిస్కుకీ బ్యాకప్ డిస్కుకీ రెండింటికీ ఆ పరీక్ష పెట్టి, ఏది లేకపోయినా స్క్రిప్టు అక్కడే ఆగిపోయేలా రాయండి. బ్యాకప్ డిస్కు లేకపోతే జరిగేది ఇంకో తంటా, మొత్తం కాపీ మీ పీసీలోని చిన్న ఎస్ఎస్‌డీ మీదికి పోయి, అది నిండి సర్వరే ఆగిపోతుంది. రెండోది, ఆర్‌సింక్‌లో మ్యాక్స్ డిలీట్ అనే ఆప్షన్. ఒక్కసారికి వందకు మించి ఫైళ్లు తీయొద్దని పరిమితి పెట్టుకోవచ్చు. డిస్కుల్ని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో కాకుండా యూయూఐడీతో, అంటే ఒక్కో డిస్కుకీ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో మౌంట్ చేయండి, రీబూట్ అయినప్పుడు ఎస్‌డీఏ లాంటి పేర్లు తారుమారు కావొచ్చు. మౌంట్ చేయాల్సిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో నోఫెయిల్ అని రాయడం మర్చిపోవద్దు. అది లేకపోతే ఒక డిస్కు రాని రోజున సర్వర్ బూట్ మధ్యలోనే ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది, మానిటర్ లేని పీసీ కాబట్టి ఏమైందో కూడా తెలియదు.

ఇప్పటి 4 టీబీ డిస్కుని పారేయకండి, డేటా 8 టీబీలోకి మారాక అదే ఇంట్లో బ్యాకప్ డిస్కు అవుతుంది. ముందు స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో దాని ఆరోగ్యం చూడండి. చెడిన సెక్టార్ల లెక్క చూపే 5, 197 నంబర్ల వరుసల్లో సున్నా కాకుండా ఏదైనా ఉంటే దాన్ని నమ్మొద్దు. 199 పెరుగుతుంటే మాత్రం సాధారణంగా తప్పు డిస్కుది కాదు, కనెక్షన్‌ది. బాగుంటే లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసి, రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ పెట్టండి. రెస్టిక్ ప్రతి రాత్రి పరిస్థితినీ విడిగా గుర్తుపెట్టుకుంటుంది, మారినవి మాత్రమే కొత్తగా దాస్తుంది. నెల క్రితం పాడైన ఫైలుని ఈరోజు గమనించినా పాత రూపం దొరుకుతుంది. ఇమ్మిచ్ విషయంలో ఫొటోల ఫోల్డర్ ఒక్కటే సరిపోదు. ఆల్బమ్‌లు, ముఖాలకి పెట్టిన పేర్లు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి, దాన్ని ఫైలుగా తీసిన డంప్ కూడా బ్యాకప్‌లోకి వెళ్లాలి.

చెల్లెలి దగ్గర కాపీ ఉంటే బాగుంటుందన్నారే, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన ఆలోచన అది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క కూడా అదే, మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. 2 టీబీ పోర్టబుల్ డిస్కులు రెండు తీసుకోండి. ఒకటి హైదరాబాద్‌లో ఉంటే ఇంకోటి మీ దగ్గర. ఎవరు ఎవరింటికి వెళ్లినా కొత్త కాపీ ఇచ్చి పాతది తెచ్చుకోవాలి. మీ దగ్గరున్నది నెలకోసారి తగిలించి, కాపీ చేసి, మళ్లీ తీసేయాలి. తీసేసిన డిస్కుని ఏ ర్యాన్సమ్‌వేరూ ముట్టుకోలేదు, ఏ స్క్రిప్టూ చెరపలేదు. జిప్ ఉన్న కవర్లో సిలికా జెల్ పొట్లంతో సహా పెట్టి, క్యాసెట్లు దక్కిన ఆ అటక మీదే ఉంచండి. ఎండాకాలం పైకప్పు వేడి నేరుగా తగలని మూలలో మాత్రం.

ఈ రెండు డిస్కుల్లో రెస్టిక్ వద్దు. విండోస్‌లోనూ తెరుచుకునే ఎక్స్‌ఫ్యాట్‌లో మామూలు ఫోల్డర్లుగా వేయండి. రెస్టిక్‌లో ఉన్నది తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి, కమాండ్లు తెలియాలి. మీకు ఒంట్లో బాగోలేని రోజున మీ చెల్లెలు ఆ డిస్కుని తన ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే తాతగారి ఫోల్డర్ నేరుగా కనిపించాలి. సర్వర్లు నడిపే మనలాంటివాళ్లం ఇది పట్టించుకోం. మనం ఒక్కళ్లమే తెరవగలిగేలా కట్టి పెట్టి, ఇంట్లోవాళ్ల జ్ఞాపకాలన్నీ అందులో పోస్తాం. రెస్టిక్ పాస్‌వర్డ్ కూడా కాగితం మీద రాసి, ఇంటి పత్రాలు దాచే చోట పెట్టండి. అది మర్చిపోతే ఎవరూ తెరవలేరు.

ఫైలు పేర్ల సంగతికి వస్తాను. తప్పు మీది కాదు, డిస్కుదీ కాదు. ఈఎక్స్‌టీ4లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. గుణింతం, ఒత్తు కూడా విడివిడి గుర్తులే. ‘స్త్రీ’ మనకి ఒకే అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, అంటే ఆరు గుర్తులు, 18 బైట్లు. ఆ లెక్కన పేరు మొత్తానికి 85 గుర్తులే పడతాయి. మీరు పద్యం మొదటి పాదం, నాటకం పేరు, ఊరు, సంవత్సరం అన్నీ పేరులోనే పెట్టి ఉంటారు, సంయుక్తాక్షరాలతో అది ఇట్టే దాటుతుంది. విండోస్‌లో లెక్క బైట్లలో కాదు, 255 గుర్తుల దాకా ఒప్పుకుంటుంది, అందుకే అక్కడ ఇబ్బంది రాలేదు. కాపీ చేసేటప్పుడు మధ్యలో ఆగినవి ఏవో ఒక జాబితా రాసుకోండి. అవి ఇప్పటిదాకా లినక్స్ డిస్కులోకి చేరలేదు.

దీనికి మంచి దారి వేవ్ ఫైళ్లని ఫ్లాక్ అనే ఆడియో రకంలోకి మార్చడం. నాణ్యత రవ్వంత తగ్గదు, సైజు దాదాపు సగానికి దిగుతుంది. ఫైలు పేరు క్యాసెట్ నంబరు, పక్క, వరుస నంబరుతో పొట్టిగా పెట్టి, పద్యం నాలుగు పాదాలూ, రాగం, ఏ ఊళ్లో ఏ ఏడు పాడారో ట్యాగుల్లో రాయండి. అక్కడ ఈ 255 గొడవ లేదు. పైగా ఫ్లాక్ ప్రతి ఫైలులోనూ ఆడియో తాలూకు ఎండీ5ని, అంటే వేలిముద్ర లాంటి ఒక సంఖ్యని దాస్తుంది. ఏడాది తర్వాత టెస్ట్ ఆప్షన్‌తో నడిపిస్తే ఒక్క బిట్ మారినా పట్టేస్తుంది. వేవ్ ఫైలు ఎక్కడైనా చెడితే వినేదాకా తెలియదు. క్యాసెట్లు మాత్రం పారేయొద్దు. పొడిచోట, స్పీకర్లకి దూరంగా, నిలబెట్టి ఉంచండి.

రెడీమేడ్ నాస్ మంచిదే, డిస్కులు యూఎస్‌బీ మీద కాకుండా నేరుగా సాటా కనెక్టర్ల మీద ఉంటాయి కాబట్టి పైన చెప్పిన రీసెట్ల బాధ లేదు. కానీ మీ పీసీ బాగానే నడుస్తోంది, పైగా నాస్ కొన్నా ఈ జేబు డిస్కులు రెండూ కొనాల్సిందే. ముందు అవి కొనండి.

బ్యాకప్ నడిచింది అనే మెసేజ్ చూసి ఊరుకోకుండా, తిరిగి తీసి చూడటం అలవాటు చేసుకోండి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశారు. అప్పుడు చూసుకుంటే ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగా పనిచేయడం లేదు. రోజువారీ డంప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా చేరలేదు. అదే ఉద్యోగి వేరే పనికోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) ఉండబట్టి బయటపడ్డారు. మీరు మూణ్ణెల్లకోసారి ఏదో ఒక క్యాసెట్ నంబరు అనుకుని, దాన్ని బ్యాకప్ డిస్కులోంచి ల్యాప్‌టాప్‌లోకి తీసి, ఆ పద్యం మొదటినుంచి చివరిదాకా వినండి.

ఎన్‌క్లోజర్, డిస్కులు ఆర్డర్ పెట్టి ఇంటికి వచ్చేసరికి వారం పట్టొచ్చు. ఈ వారం కూడా ఆ 25 జీబీ నిండిపోయిన ఒక్క డిస్కు మీదే ఉంటుంది. ఇంట్లో 32 జీబీదో 64 జీబీదో పెన్‌డ్రైవ్ ఉంటే ఈ రాత్రే క్యాసెట్ల ఫోల్డర్, ల్యాప్‌టాప్‌లోనే ఆగిపోయిన ఫైళ్లతో సహా, దాంట్లోకి కాపీ చేయండి. సరిగా తీసేశాక మళ్లీ తగిలించి రెండు మూడు ఫైళ్లు వినండి. ఏళ్ల తరబడి దాచడానికి పెన్‌డ్రైవ్ పనికిరాదు, వారానికి చాలు. రేపు కొరియర్‌లో చెల్లెలికి పంపి, చేరాక ఒక పద్యం ప్లే చేసి ఫోన్లో వినిపించమనండి.